జీవరాజు తిప్పించిన స్టీరింగు

రామచంద్రపురం నుంచి ద్రాక్షారామం వెళ్లే రోడ్డులో ఎడమ చేతి వైపు ఒక రేకుల షెడ్డుంటుంది. పవర్ స్టీరింగులు బాగుచేయబడును అని బోర్డు రాయించారు గానీ, ఆ బోర్డు చదివి వచ్చేవాళ్లు తక్కువ. స్టీరింగ్ జీవరాజు షెడ్డంటే చాలు, ఎవరైనా దారి చెబుతారు. మీరు టైరు పంక్చరై అక్కడ ఆగినా సరే, ముందు బానెట్ ఎత్తమంటాడు ఆ మహానుభావుడు. మూలనున్న చిన్న ప్లాస్టిక్ స్టీరింగాయిల్ డబ్బా మూత తిప్పి, వేలు ముంచి, వాసన చూసి, మీ మొహం వైపు చూస్తాడు. ఆ చూపుకి మీరు ఎవరికో ఏదో అన్యాయం చేసినట్టు మీకే అనిపిస్తుంది.

"ఎప్పుడు మార్పించారండి ఇది?"

"అది కూడా మార్చాలాండి?" అంటారు పదిమందిలో తొమ్మిదిమంది.

అప్పుడు మొదలెడతాడు. కొత్తలో ఈ ఆయిల్ ఎర్రగా ఉంటుంది, వేడికి మాడి నల్లబడుతుంది, లోపలి రబ్బర్లని తినేస్తుంది. ఇన్ని కిలోమీటర్లకి మార్చాలని కొన్ని కంపెనీల పుస్తకాల్లో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. ఉన్నా లేకపోయినా నల్లబడ్డాక, మాడు వాసన వచ్చాక ఉంచుకోకూడదు. ఏ బండికి ఏ ఆయిల్ చెప్పారో అదే పొయ్యాలి. ఈ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి అతని గొంతు మారిపోతుంది. పని మీద అంత శ్రద్ధ చూసి జనం మెచ్చుకుంటారు. శ్రద్ధా పాడూ కాదు, పగ. మనిషి పగబట్టి ఒక పని నేర్చుకుంటే ఎంత బాగా నేర్చుకుంటాడో చూడాలంటే ఆ షెడ్డుకి వెళ్లాలి.

ఏడేళ్ల కిందట జీవరాజు డ్రైవరు. ఉదయభాస్కర్ గారని, నలభై ఎకరాల ఆసామి, ఆయన దగ్గర పదకొండేళ్లు బండి నడిపాడు. సొంత ఊళ్లో లూథరన్ సంఘానికి పెద్ద కూడాను. ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని, ప్రభువు బల్ల దగ్గర పాస్టరు గారి పక్కన రొట్టె పళ్లెం పట్టుకుని నిలబడేవాడు. చుక్క ముట్టని మనిషి. ఊళ్లో తన పేరు చెప్పుకోవడానికి ఆ నిలబడ్డమే అతనికి ఆస్తి.

ఆ ఏడాది కోతల ముందు బండి స్టీరింగు మూలగడం మొదలెట్టింది. జీవరాజు డబ్బా మూత తీస్తే నల్లగా ఉంది, సగానికి దిగిపోయింది. ఆయనతో చెప్పాడు.

"ఇంజనాయిల్ మారుస్తాం, ఒప్పుకున్నాను. స్టీరింగాయిల్ మార్చినోణ్ణి నేనెక్కడా చూళ్లేదురా," అన్నారు ఉదయభాస్కర్ గారు. "మెకానిక్కులు నీకేమన్నా ఇస్తున్నారేంటి?"

పదకొండేళ్ల నమ్మకానికి దక్కిన జవాబది. అయినా మూడుసార్లు అడిగాడు. మూడోసారికి ఆయనకి విసుగొచ్చింది. ఆదివారం జీవరాజు గుడిలో ఉండగా, షెడ్డులో వరికోత మిషను కోసం తెచ్చిన ఆయిల్ డ్రమ్ములోంచి ఒక చెంబుడు తీసి, ఆ డబ్బాలో స్వయంగా పోసేశారు. రెండు టన్నుల మిషన్ని ఎత్తే ఆయిల్ ఈ బోడి స్టీరింగుని తిప్పలేదా అని ఆయన లెక్క. మన వైపు ఆసాములకి తరచు తట్టే తెలివే ఇది. డ్రమ్ము ఇంట్లో ఉన్నాక డబ్బా ఆయిల్ ఎవరు కొంటారు?

సోమవారం ఆయన అక్కగారు రత్నమాణిక్యమ్మని కంటి పరీక్షకి కాకినాడ తీసుకెళ్తున్నాడు జీవరాజు. కాలవ గట్టు మీద మలుపులో స్టీరింగు రాయిలా బిగుసుకుపోయింది. రెండు చేతులా బలంకొద్దీ లాగినా తిరగలేదు. బండి కాలవలోకి జారింది. నడుముల్లోతు నీళ్లు కాబట్టి ప్రాణాలు దక్కాయి, ఆవిడ కుడి చెయ్యి మాత్రం రెండుచోట్ల విరిగింది. బండిని గట్టుకి లాగినప్పుడు బానెట్ సందుల్లోంచి పసుపుపచ్చ నురగ కారడం జీవరాజు చూశాడు. ఎర్ర ఆయిల్ ఉండాల్సిన చోట ఆ పసుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికి ఆ క్షణమే తెలిసింది. బానెట్ ఎత్తబోతే ఉదయభాస్కర్ గారు చెయ్యి తోసేశారు.

సాయంత్రానికి ఊరంతా పాకింది: జీవరాజు తాగి నడిపాడట. అన్నది ఉదయభాస్కర్ గారే. కేసు పెట్టకుండా వదిలేశానని, అదేదో ధర్మం చేసినట్టు పదిమందిలో చెప్పుకున్నారు కూడా. రత్నమాణిక్యమ్మ నమ్మింది. సంఘం నమ్మింది. ఆసామి మాట ముందు డ్రైవరు మాట ఎవరు వింటారు? పాస్టరు గారు ఇంటికొచ్చి, కొన్నాళ్లు బల్ల సేవకి దూరంగా ఉండమన్నారు. ఆ కొన్నాళ్లు ఏడేళ్లయ్యాయి. జీవరాజు ఆఖరి వరసలో కూర్చుని, ఇంకొకరు పళ్లెం పట్టుకుంటే చూసి వచ్చేవాడు. అంగన్‌వాడీలో పనిచేసే భార్య బేబి, "దేవుడే చూసుకుంటాడండి, మీరు వదిలెయ్యండి," అనేది. దేవుడికి చాలా పనులుంటాయని, ఇది తనే చూసుకుంటానని జీవరాజు మనసులో అనుకునేవాడు.

డ్రైవరు పని ఎవరూ ఇవ్వలేదు. నలభై నాలుగేళ్ల వయసులో రాజమండ్రి వెళ్లి, తనకంటే ఇరవై ఏళ్లు చిన్నవాళ్ల దగ్గర మూడేళ్లు స్టీరింగు పని నేర్చుకున్నాడు. వేరే పని నేర్పుతామన్నా వద్దన్నాడు. తిరిగొచ్చి, ఉదయభాస్కర్ గారు ఏ ఊరు వెళ్లాలన్నా దాటి తీరాల్సిన రోడ్డు మీదే షెడ్డు వేశాడు. మంచి చోట్లు ఇంకో రెండు దొరికినా కాదన్నాడు. నాలుగేళ్లు ఆయన కొత్తగా కొన్న బండిలో అద్దాలు ఎత్తుకుని షెడ్డు ముందు నుంచే పోయేవారు. పోతున్న బండి చప్పుడు విని, ఇంకెంత కాలం నడుస్తుందో జీవరాజు అంచనా వేసుకునేవాడు. ఆ అంచనా వేసుకున్న రోజు అతనికి అన్నం రుచిగా ఉండేది. ఇందులో దాచడానికేం లేదు.

మొన్న కార్తీక సోమవారం ఉదయం పది గంటలకి ఆ బండి మూలుగుతూ వచ్చి షెడ్డు ముందే ఆగింది. భీమేశ్వరస్వామి దర్శనానికి వెళ్తున్నారు. ఆయనే నడుపుతున్నారు, డ్రైవరెవరూ ఆయన దగ్గర నిలవడం లేదు. వెనక సీట్లో రత్నమాణిక్యమ్మ.

"ఇంక నేను ఈ బండిలో అడుగు కదలనురా భాస్కరం," అంటోంది ఆవిడ. "ఒకసారి కాలవలో పడింది చాలు. ఎవడి షెడ్డయితే ఏంటి, చూపించు."

ఉదయభాస్కర్ గారు దిగారు, పట్టు కండువా సర్దుకున్నారు. "జీవరాజూ, కాస్త చూస్తావేంటి," అన్నారు ఎటో చూస్తూ.

జీవరాజు ఏడేళ్లు నోట్లో నానబెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారి పైకొచ్చాయి. అన్నీ మింగి, "దాందేముందండి, చూస్తాను," అన్నాడు. అమ్మగారికి ప్లాస్టిక్ కుర్చీ వేశాడు, పక్క టీ బడ్డీ నుంచి టీ తెప్పించాడు. టీ తాగుతున్న ఆరేడుగురు మగాళ్లు ఎలాగూ ఇటే తిరిగి కూర్చున్నారు.

డబ్బా మూత తీశాడు. పసుపుపచ్చ నురగ. అదే. మనిషి మారితే కదా ఆయిల్ మారేది.

"ఇది మొత్తం దించి కొత్తది పొయ్యాలండి. ముందు చక్రాలు పైకి లేపి, నేను పోస్తుంటే ఒకరు లోపల కూర్చుని స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పుతూ ఉండాలి. నా దగ్గర మనుషుల్లేరు. మీరే కూర్చోవాలి అయ్యగారూ."

టీ బడ్డీ దగ్గర ఎవరో దగ్గారు. ఉదయభాస్కర్ గారు అక్క వైపు చూశారు. ఆవిడ కూర్చోమన్నట్టు చెయ్యి ఊపింది. కూర్చున్నారు.

"ఎడమకి పూర్తిగా. ఇప్పుడు కుడికి. ఆపొద్దండి. మళ్లీ ఎడమకి."

చక్రాలు పైకి లేపినా, ఇంజను ఆపిన బండి స్టీరింగు ఆగకుండా తిప్పడం అరవై ఏళ్ల ఆసామికి తేలికేం కాదు. పావుగంటకి చొక్కా తడిసింది. పదకొండేళ్లు వెనక సీట్లోంచి ఎడమకి, కుడికి అని చెప్పిన పెద్దమనిషి ఆయన. జీవరాజుకి లోపల హాయిగా ఉంది. అప్పుడు తలెత్తకుండా, గొంతు అందరికీ వినపడేలా అడిగాడు.

"ఇందులో ఏ ఆయిల్ పోశారండి?"

"మా షెడ్డులోదే. మిషను డ్రమ్ములోది," అన్నారాయన ఆయాసపడుతూ. "ఎప్పుడూ అదే పోస్తాను. ఇన్నాళ్లూ ఏం కాలేదే."

రత్నమాణిక్యమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"ఎప్పుడూ అంటే? ఆ పాత బండిలో కూడానా?"

స్టీరింగు మీద ఆయన చేతులు ఆగాయి.

"అదే ఆయిల్ అమ్మగారూ," అన్నాడు జీవరాజు. "ముందు రోజు ఆదివారం పోశారు. నేను గుడిలో ఉన్నాను. నేనే గనక తాగి ఉంటే మీ చేతికి సమాధానం నేనే చెప్పుకునేవాణ్ణి."

ఆవిడ సరిగా అతకని తన కుడి చెయ్యి వైపు చూసుకుంది, తర్వాత తమ్ముడి వైపు. "నువ్వు చెప్పావని నేను ఈ మనిషిని ఏడేళ్లు తిట్టుకున్నానురా," అంది. "ఇప్పుడు ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్పు. నా ముందే చెప్పు."

జీవరాజు ఫోన్ తీసి పాస్టరు గారికి కలిపి, స్పీకరు పెట్టి, కిటికీలోంచి ఆయన నోటి దగ్గర పట్టుకున్నాడు. ఉదయభాస్కర్ గారు దిగుదామన్నా చక్రాలు గాల్లో ఉన్నాయి, ఆయిల్ పని ఇంకా సగంలోనే ఉందని ఆయన అనుకుంటున్నారు, అక్క ఎదురుగా ఉంది.

"నేను, ఉదయభాస్కర్నండి," అన్నారు. "జీవరాజు ఆ రోజు తాగలేదండి. బండిలో తప్పు ఆయిల్ పోసింది నేనే."

అవతల నుంచి పాస్టరు గారు మెల్లగా అన్నారు. "జీవరాజూ, వింటున్నావా? ఈ ఆదివారం బల్ల దగ్గరికి రా నాయనా. కానీ వచ్చే ముందు ఆయన్ని క్షమించి రావాలి. క్షమించావా?"

జీవరాజు ఫోన్ వైపు చూశాడు. డబ్బాలో ఆయిల్ వైపు చూశాడు. ఎర్రగా, తేటగా, ఒక్క బుడగ లేకుండా ఉంది. పని అయిపోయి పది నిమిషాలైంది. ఆ సంగతి అక్కడ అతనొక్కడికే తెలుసు.

"కాసేపాగి క్షమిస్తానండి పాస్టరు గారూ," అని ఫోన్ కట్ చేసి, కిటికీ వైపు వంగాడు.

"మళ్లీ ఎడమకి తిప్పండి అయ్యగారూ."