మంచు కింద జనరేటర్

మాది రాయచోటి. కొన్నేళ్ల కిందట సౌదీలో తబూక్ వైపు ఒక కొండ తోటలో మెకానిక్‌గా చేసేవాణ్ణి. ఒక చలికాలం పొద్దున లేచి చూస్తే, కురిసిన మంచు బరువుకు రేకుల షెడ్డు కూలిపోయి ఉంది. మా గదుల్లో హీటర్లు నడిపే జనరేటర్ దాని కిందే చిక్కుకుంది.

చలికి తట్టుకోలేక నేను రేకుల సందులోంచి లోపలికి పాకాను. చెయ్యి జనరేటర్‌కు తగిలింది. అంతలో ట్రాక్టర్ నడిపే పాకిస్తానీ పెద్దాయన, గుల్ చాచా, నా కాళ్లు పట్టుకుని బయటికి ఈడ్చాడు.

"ఒక్క నిమిషం చాచా!" అని హిందీలో అరిచాను. నోరు మూసేలోపే దూలం ఫెళ్లున విరిగి, నేను పడుకున్నచోటే పడింది.

"పహలే బరఫ్, ఫిర్ మెషీన్," అన్నాడు చాచా రొప్పుతూ. ముందు మంచు, తర్వాతే మెషీన్.

ఎడంగా నిలబడి పొడవాటి కర్రలతో మంచు మొత్తం కిందికి లాగేశాం. తర్వాత రేకులకు గొలుసు తగిలించి, ఎవరూ కిందికి పోకుండా, ట్రాక్టర్‌తో ఒక్కొక్కటే తీశాం. మధ్యాహ్నానికి జనరేటర్ మళ్లీ నడిచింది.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి, "ఇక్కడ మంచు భలే ఉంది" అని మాత్రం చెప్పాను. అసలు సంగతి మా ఆవిడకు ఈ పేజీ చదివితేనే తెలుస్తుంది. తొందరపడినందుకు ఆమె పెట్టే చీవాట్లకు నేను సిద్ధమే.