మూడు వేళ్ల సందు వదిలిన మనిషి

విదేశంలో, రౌస్ హిల్ అనే నగర శివారులో, మాది దుంగలు ఒకదానిపై ఒకటి పేర్చి కట్టిన కొత్త ఇల్లు. మా ఆయన చక్రాల కుర్చీ పడకగదిలోంచి నేరుగా స్నానాలగదికి వెళ్లాలని, పైకప్పు బరువు మోసే గోడలో గుమ్మం కోయించాను. అదే నగరంలోని గిరావీన్ నుంచి వచ్చిన తెలుగు వడ్రంగి ప్రతి కొలతా మూడుసార్లు తీసేవాడు. నాకు ముచ్చటేసింది.

కప్పుకు ఊతగుంజలు నిలబెట్టి, దుంగలు కోసి, ద్వారబంధం బిగించాడు. దాని పైన మాత్రం మూడు వేళ్ల సందు వదిలాడు.

“కొలత తప్పావు బాబూ,” అన్నాను.

“లేదాంటీ. కొత్త దుంగలు కదా, ఎండేకొద్దీ గోడ కిందికి దిగుతుంది. ఆ బరువు డోర్‌ఫ్రేమ్ మీద పడకూడదనే ఆ గ్యాప్. టచ్ చెయ్యకండి.”

సందుకు అడ్డంగా చెక్క పలక కొట్టి వెళ్లాడు. నాకు నమ్మకం కుదరలేదు. స్టూలెక్కి పలక ఊడదీసి, సందు నిండా చెక్కముక్కలు దిగ్గొట్టి, మళ్లీ మూసేశాను.

ఆ తర్వాత ఎనిమిది నెలలకు తలుపు బిగుసుకుపోయి మా ఆయన స్నానాలగదిలో గంటా పది నిమిషాలు చిక్కుకుపోయారు. వడ్రంగి వచ్చి పలక తీశాడు. చెక్కముక్కలను చూశాడు, నన్ను చూశాడు. ఒక్కొక్కటే పీకి జేబులో వేసుకున్నాడు.

“మూడుసార్లు కొలుస్తాడని మా ఆవిడ తెగ పొగిడిందయ్యా. ఇదేనా?” లోపలి నుంచి మా ఆయన ఎత్తిపొడిచారు.

“సారీ అంకుల్. మెజర్‌మెంట్ నాదే తప్పు.”

ఆ అబద్ధం ఎందుకు ఆడాడో నాకు ఇప్పటికీ తెలియదు. నేనెందుకు ఊరుకున్నానో అసలే తెలియదు. ఆ రోజు డైరీలో తేదీ వేశాను. దాని కింద ఏం రాయాలో తోచలేదు.