మిర్చి యార్డు మనిషి మధ్యధరా సముద్రంలో దిగాలా, వద్దా?

ముందే చెప్పేస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు రాయడం నాకు చేతకాదు. మా ఇంట్లో పిల్లి తుమ్మితే పులి గాండ్రించిందని రాస్తాను. కూరలో ఉప్పు కాస్త ఎక్కువైతే బంగాళాఖాతం మా వంటింట్లోకి వచ్చిందంటాను. నేను రాసినదేదైనా చదివేటప్పుడు మా ఆవిడ ప్రతి వాక్యాన్నీ పావు వంతుకు తగ్గించుకుని చదువుకుంటుంది. మీరూ అలాగే చదువుకోండి. అయితే పెంచి చెప్పడం వేరు, లేనిది కల్పించడం వేరు. ఇందులో కల్పించింది ఒక్కటే ఉంది. అదేమిటో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

ఈ ఏడాది మేమిద్దరం గ్రీసు, ఇటలీ చూసి రావాలనుకున్నాం. మా ఆవిడకి వరసకి తమ్ముడయ్యే ఒకాయన గుంటూరు లక్ష్మీపురంలో ట్రావెల్స్ నడుపుతాడు. ఏజెంటుని అనుమానించాలి, బావమరిదినీ అనుమానించాలి. ఈయన ఒక్కడే ఆ రెండూ కాబట్టి నేను ఆ ఆఫీసులో ఇచ్చిన కాఫీ కూడా ముందు వాసన చూసి తాగాను.

కాఫీ అయ్యాక కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. నీలంగా నీళ్ళు. అందులో నల్ల తొడుగు వేసుకుని, వీపున సిలిండరుతో ఒక మనిషి తేలుతున్నాడు. చుట్టూ చేపలు.

"గ్రీసు ద్వీపంలో ఒక రోజు స్కూబా డైవింగ్ పెడదామండి బావగారూ. ఎలా ఉందో చూడండి!"

"పైన బాగానే ఉంది. అడుగున ఏముంది?"

"అడుక్కి తీసుకెళ్ళి చూపించడానికేగా ఇది!"

నా ప్రశ్న వాడికి అర్థం కాలేదు. మాది మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. మా దగ్గరికొచ్చే ప్రతి టిక్కీలో, అంటే మిరపకాయల బస్తాలో, పైన పరిచిన కాయ పెళ్ళికూతురిలా ఎర్రగా నవ్వుతూనే ఉంటుంది. దాన్ని మేం చూడం. బస్తా పక్కన కోసి, మోచేతిదాకా చెయ్యి దూర్చి, లోపల్నించి గుప్పెడు లాగుతాం. ఒక కాయ చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తాం. గింజ గలగలమంటే ఎండిన సరుకు. మూగగా ఉంటే నీళ్ళు తాగిన సరుకు.

నీళ్ళంటే మా వంశానికి పగ. మా తాత మేఘాల్ని తిట్టేవాడు. మా నాన్న వాతావరణం చదివే రేడియో మనిషిని తిట్టేవాడు. నేను ఫోన్‌లో యాప్‌ని తిడుతున్నాను. పర్చూరు దగ్గర మా ఊళ్ళో ఒక పెళ్ళి జరుగుతుండగా చినుకు పడితే, పెళ్ళికొడుకు చేతిలో తాళితోనే కల్లానికి పరిగెత్తి, ఎండబోసిన కాయ మీద టార్పాలిన్ పట్టలు కప్పి, తిరిగొచ్చి తాళి కట్టాడు. పెళ్ళికూతురు కూడా ఒక పట్ట కొస పట్టుకుని వచ్చిందట. అలాంటి ఊళ్ళో పుట్టినవాణ్ణి పట్టుకుని, ఎదురు డబ్బిచ్చి నీళ్ళ అడుక్కి పొమ్మంటే అనుమానం రాదా?

"ఒక్క చిన్న విషయం బావగారూ," అన్నాడు బావమరిది. చిన్న విషయం అని మొదలుపెట్టిన మాట ఏదీ చిన్నది కాదని నా అనుభవం. "డైవింగ్ చేశాక మర్నాటిదాకా విమానం ఎక్కకూడదండి."

"ఎందుకు?"

"ఒంట్లో గాలి బుడగల్లాంటివేవో తయారవుతాయటండి. అవి పూర్తిగా పోవాలట."

"నాకు తెలియకుండా నా ఒంట్లో ఏవో పెట్టి పంపిస్తారన్నమాట!"

"అది కాదండీ. ఆ ద్వీపంలో ఇంకో రోజు ఉండాల్సొస్తుంది. ఇటలీలో ఒక రోజు తగ్గుతుంది. అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన పాత ఊరుంది చూడండి, అది వదిలెయ్యాలి."

అసలు నేను బయల్దేరుతున్నదే ఆ ఊరి కోసం. ఆ మాటే అన్నాను. అప్పటిదాకా పక్కన బుద్ధిమంతురాలిలా కూర్చున్న మా ఆవిడ నోరు విప్పింది.

"రాళ్ళు చూడాలంటే మార్టూరు గ్రానైటు మిల్లులకి తీసుకెళ్ళండి. ఏ రంగు కావాలంటే ఆ రంగు, పాలిష్ పట్టి మరీ చూపిస్తారు. పాడుబడిన కోట కావాలంటే కనిగిరి బస్సెక్కుదాం. దానికి ఇటలీ దాకా ఎందుకండీ?"

బావమరిది తెర వెనక్కి మొహం దాచుకుని నవ్వాడు. వీళ్ళిద్దరూ ముందే మాట్లాడుకున్నారు. ఆ క్షణంలో నాకు స్పష్టమైపోయింది.

ఆవిడ ఆరాటం ఏమిటంటే, ఆవిడ జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆక్టోపస్ గురించి పాఠం చెబుతోంది. అది కోపమొస్తే ఒక రంగు, భయమొస్తే ఒక రంగు మారుతుందని చెబుతోంది. ఆవిడ చూసిందల్లా ల్యాబులో సీసాలో ఉన్నదాన్ని.

"ఒక్కసారి నీళ్ళలో బతికున్నదాన్ని చూడాలని ఉండదా నాకు?" అంది ఇంటికొస్తూ.

"చూడు. నేను ఒడ్డున చెప్పులకి కాపలా ఉంటాను."

"జతలు జతలుగా దిగాలట. ముక్కూ మొహం తెలియనివాళ్ళ చెయ్యి పట్టుకుని నేను దిగను. మీరు దిగకపోతే నేనూ దిగను. ఆ బూడిద ఊరే చూద్దాం, పోనివ్వండి."

ఆ "పోనివ్వండి"ని నేను వందసార్లు తిప్పి చూశాను. గింజ చప్పుడు లేదు. లోపల చెమ్మ ఉంది.

నెలాఖరులోగా ఏదో ఒకటి ఖాయం చెయ్యాలన్నాడు బావమరిది. "అయితే ముందు శాంపిల్ చూపించు," అన్నాను. ఈ దెబ్బతో జారుకుంటాడనుకున్నాను. వాడు జారుకోలేదు. విశాఖపట్నం నుంచి డైవింగ్ నేర్పే అమ్మాయి ఒకతి వచ్చి ఆదివారాలు ఊరి బయట రిసార్టు ఈతకొలనులో మొదటి పాఠం చెబుతోందట. అందులో మా పేర్లు రాయించేశాడు. అంత చురుకుదనం నా అనుమానాన్ని ఇంకో అంగుళం పెంచింది.

మార్చి నెల. యార్డులో సరుకు కొండలుగా పడి ఉంది. ఆ కొండల్ని వదిలి నేను కొలను గట్టున నిలబడ్డాను. ఆ నల్ల రబ్బరు తొడుగులోకి నన్ను దూర్చడానికి అటు నుంచి ఆ అమ్మాయి, ఇటు నుంచి మా ఆవిడ లాగారు. జిన్నింగు మిల్లులో పత్తి బేలుని కూడా అంత నిర్దయగా కుక్కరు.

"ఈ సిలిండర్లో ఆక్సిజనేనా అమ్మా?"

"కాదంకుల్, మామూలు గాలే. శుభ్రం చేసి నింపుతారు."

మామూలు గాలి! ఊరంతా ఊరికే దొరికేదాన్ని డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు. "ఒకసారి వదులు, వాసన చూస్తాను," అన్నాను. ఆ అమ్మాయి వదిలింది. ఏ వాసనా లేదు. వాసన లేని సరుకుని యార్డులో ఎవడూ ముట్టుకోడు.

తర్వాత నడుముకి ఒక బెల్టు కట్టింది. దానికి సీసం దిమ్మలు.

"ఇవెందుకు?"

"మునగడానికి అంకుల్. లేకపోతే తేలిపోతారు."

మా ఆవిడ వైపు చూశాను. మొగుడికి బరువు కట్టి నీళ్ళలో దించుతుంటే ఆవిడ కళ్ళజోడు తీసి జాగ్రత్తగా పెట్టెలో పెట్టుకుంటోంది.

నోట్లో రబ్బరు గొట్టం పెట్టారు. ముక్కు మూసే కళ్ళద్దం పెట్టారు. నోటితోనే గాలి పీల్చాలట, ఊపిరి బిగబట్టకూడదట. నడుము లోతు దాకా దిగాం. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. తల ముంచడానికి వంగాను.

అప్పుడు పడింది చినుకు. నా నెత్తి మీద, కొబ్బరికాయంత చినుకు. తలెత్తి చూస్తే ఆకాశం గేదె వీపులా నల్లగా ఉంది. ఉరుము ఉరిమితే ఈతకొలనులో నీళ్ళు జానెడు లేచి పడ్డాయి. బయట కల్లాల్లో సరుకు! మా తాతా, మా నాన్నా నా కాళ్ళలో దూరినట్టున్నారు. "పట్టలు! పట్టలు కప్పండ్రా!" అని గొట్టంలోంచే అరుస్తూ, సిలిండరుతో, దిమ్మలతో, కప్ప కాళ్ళలాంటి ఆ చెప్పులతో మెట్లెక్కి, కార్ల దాకా పరిగెత్తాను. మా గుమాస్తాకి ఫోన్ చేద్దామంటే ఆ తొడుగుకి జేబు లేదు.

వెనక్కి చూస్తే మా ఆవిడ కొలనులో ఒక్కతే నిలబడి ఉంది. నేను వదిలేసిన చెయ్యి ఇంకా ముందుకే చాచి ఉంది.

ఇంటికెళ్ళాక తమ్ముడికి ఫోన్ చేసింది. నేను తలుపు పక్కనే నిలబడి విన్నాను. అనుమానం ఉన్నవాడికి మర్యాదలు ఉండవు.

"వానరా. ఆగిపోయింది. వచ్చే ఆదివారం మళ్ళీ పెట్టించు."

"వానా? లక్ష్మీపురంలో చుక్క లేదే అక్కా!"

"ఒక్కోచోట పడుతుందిరా. నీకు చెప్పి పడాలా?"

ఫోన్ పెట్టేసి కూర తరుక్కుంది. తిట్టలేదు. సన్నాయి నొక్కులు నొక్కలేదు. మా కాపురంలో అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు. నాకు భయం వేసింది.

మర్నాడు కళ్ళజోడు మరిచిపోయి కాలేజీకి వెళ్ళింది. ఇచ్చి రావడానికి నేను ల్యాబుకి వెళ్ళాను. పిల్లలింకా రాలేదు. ఆవిడ ఏదో సర్దుకుంటోంది. బల్ల మీద సీసాలో ఆ ఆక్టోపస్ ఉంది. నేను దాన్ని అంతకుముందెప్పుడూ చూడలేదు. సీసాని వెలుతురులోకి తిప్పి చూశాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే, రంగు చూడటం. వానలో తడిసి ఎరుపు పోయి, తెల్లగా పాలిపోయిన మిరపకాయని మేం తాలు అంటాం. సీసాలో ఉన్నది అచ్చం అదే.

"ఏమిటండీ అలా చూస్తున్నారు?"

"రంగు లేదు."

"ఉండదు. మందులో వేస్తే పోతుంది. పిల్లలకి చెప్పేటప్పుడు ఊహించుకోండర్రా అంటాను. వాళ్ళు నా మొహం చూస్తారు. నేనూ ఊహించుకునే చెబుతున్నానని వాళ్ళకి తెలుసు."

నేను ఏళ్ళ తరబడి తాలుని పక్కకి తోసి, మంచి కాయ చేతిలోకి తీసుకుంటూ బతికాను. ఈవిడకి ఉద్యోగమంతా తాలే చూపించారు. కళ్ళజోడు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

తర్వాతి ఆదివారం నేనే ముందు తొడుగులో దూరాను. ఆ అమ్మాయి ఆకాశం చూసి, "ఇవాళ పరవాలేదా అంకుల్?" అంది. ఆ అడగటంలో ఏదో ఉంది గానీ పట్టించుకోలేదు. నోట్లో గొట్టం పెట్టుకున్నాను. మా ఆవిడ చేతిని ఆవిడ ఎముకలు నలిగేలా పట్టుకుని మునిగాను.

లోపల పెద్ద చప్పుడు. రైలింజను దగ్గరికొచ్చినట్టు. తీరా చూస్తే నా ఊపిరే. అడుగున నీలం పలకలు, ఎవరిదో తలపిన్ను, పక్కన అద్దం వెనక మా ఆవిడ కళ్ళు. ఒక యుగం గడిచింది. ఆ అమ్మాయి లెక్కలో టీ తాగినంత సేపట. చచ్చిపోతానన్న అనుమానం ఒక్క క్షణం కూడా తగ్గలేదు. అయినా గాలి వస్తూనే ఉంది. చెయ్యి మాత్రం వదల్లేదు.

గట్టెక్కగానే, ఇంకా నీళ్ళు కారుతుండగానే, బావమరిదికి ఫోన్ చేశాను.

"ఆ బూడిద ఊరు తీసెయ్. డైవింగ్‌కి ఇద్దరి పేర్లూ రాయి."

"అనుమానాలన్నీ తీరిపోయాయా బావగారూ?"

"ఒక్కటీ తీరలేదు. మర్నాడు విమానం ఎందుకు ఎక్కకూడదో నువ్వు నాకు సరిగ్గా చెప్పలేదు. ముందు పేర్లు రాయి, తర్వాత దెబ్బలాడుకుందాం."

మా ఆవిడ తువ్వాలుతో మొహం తుడుచుకుంటోంది. చాలాసేపు తుడుచుకుంది.

ఇక ఒప్పుకోవలసింది. పెళ్ళికొడుకు తాళితో పరిగెత్తడం నిజం, కాకపోతే అతను పందిరి గుంజ దాకానే వెళ్ళాడు. సిలిండరు వాసన చూడటం నిజం. పరుగూ నిజమే, కానీ కార్ల దాకా కాదు, మెట్ల దాకానే. కల్పించింది వాన. ఆ మొదటి ఆదివారం ఆకాశంలో గుప్పెడు మబ్బు కూడా లేదు, ఎండ మాడ్చేస్తోంది. నెత్తి మీద పడిన చుక్క నా చెమటే. తల ముంచబోయేసరికి గుండె జారి, చెయ్యి వదిలించుకుని పారిపోయాను. గట్టు మీద వగరుస్తూ నిలబడ్డాను తప్ప వాన అని గానీ, పట్టలు అని గానీ నేనేమీ అనలేదు.

వాన అన్న మాట మొదట అన్నది మా ఆవిడే, తమ్ముడికి ఫోన్లో. ఆవిడ నా రాతల్లో ప్రతిదాన్నీ పావు వంతుకు తగ్గించే మనిషి. ఆ ఒక్కరోజు నా పరువు కోసం లేని వానని కురిపించింది. నేను దానికి ఉరుములు చేర్చానంతే.