పేరు మార్చింది మనమమ్మా

బెంజ్ సర్కిల్ దగ్గర మా క్లినిక్‌లో పేషెంట్లను చూస్తుండగా మా సారు భార్య, మేడమ్‌గారు ఫోన్ చేశారు. "మీ సారు వెళ్ళిపోయారమ్మా" అన్నారు. వస్తున్నానండీ అని చెప్పి, ఎదురుగా ఉన్నాయనకి మాత్రలు ఎలా వేసుకోవాలో పూర్తిగా వివరించాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తుంటే కూడా రావడం లేదు.

నాకు మానసిక వైద్యం నేర్పింది ఆయనే. మా శాఖలో జబ్బుల జాబితా పుస్తకం కొత్తది వచ్చినప్పుడల్లా పేర్లు మారిపోతాయి. "మళ్ళీ బారసాల చేశారా?" అని సారు నవ్వేవారు. మానిక్ డిప్రెషన్‌ని బైపోలార్ అనడం మొదలుపెట్టిన రోజుల్లో, పామర్రు వైపు నుంచి వచ్చే ఒక చేనేత ఇల్లాలు చీటీ మీద కొత్త పేరు చూసి, ఇంకో జబ్బు కూడా పట్టుకుందనుకుంది. భయంతో మగ్గం జోలికే పోలేదట.

అప్పటి నుంచి పాత పేషెంటు ఎవరొచ్చినా, కొత్త పేరు రాసేముందు సారు వాళ్ళకి విడమర్చి చెప్పేవారు. బయట వరండా నిండా జనం. నాకు విసుగొచ్చేది.

"మాత్ర అదే కదా సార్, పేరు వాళ్ళకెందుకు?"

"మార్చింది మనమమ్మా. మోసేది వాళ్ళు. చెప్పకపోతే ఎట్టా?"

రెండేళ్ళ క్రితం ఆయనకే మతిమరుపు మొదలైంది. మేం చదువుకున్నప్పుడు డిమెన్షియా అనేవాళ్ళం. ఇప్పుడు మేజర్ న్యూరోకాగ్నిటివ్ డిజార్డర్ అని రాయాలి. రాశాను. "ఆయనకి మాత్రం చెప్పొద్దమ్మా, తట్టుకోలేరు" అన్నారు మేడమ్‌గారు. నేను సరేనన్నాను. కానీ పటమటలో వాళ్ళింటి మెట్లు ఎక్కిన ప్రతిసారీ "చెప్పకపోతే ఎట్టా?" అన్న ఆయన మాటే గుర్తొచ్చేది.

కిందటి నెల వెళ్ళేసరికి ఆయన నన్ను పోల్చుకోలేదు. డాక్టర్నని చెబితే మాత్రం ముఖం వెలిగింది.

"ఎవరమ్మా పేషెంటు?"

"మా సారండీ. మతిమరుపు."

"పేరు చెప్పావా ఆయనకి?"

"లేదండీ. ఇంట్లోవాళ్ళు వద్దన్నారు."

"తప్పమ్మా. ఆయన జబ్బు ఆయనకి తెలియాలిగా. నిలబడి చెప్పబాక, పక్కన కూర్చుని చెప్పు."

నేను నిలబడే ఉన్నాను. గుమ్మంలో ఉన్న మేడమ్‌గారి వైపు చూశాను. ఆవిడ తల వంచుకున్నారు. మంచం మీద ఆయన పక్కన కూర్చుని, పాత పేరూ కొత్త పేరూ రెండూ చెప్పాను.

సారు శ్రద్ధగా విని తల పంకించారు. "పాపం," అన్నారు, "పెద్దాయన్ని జాగ్రత్తగా చూసుకో."