మా మామగారి నిదానం

మా మామగారు పోయి ఇవాళ్టికి ఇరవై రోజులు. మధ్యాహ్నం అన్నం తిని, పేపరు మడిచి పక్కన పెట్టి, ఎప్పటిలాగే వరండాలో కుర్చీలో నడుం వాల్చారు. నాలుగు గంటలకు టీ తీసుకెళ్తే లేవలేదు. మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. అందరూ అదృష్టవంతుడన్నారు. నాకు మాత్రం ఆ టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

చిల్లకూరులో ఉన్న మా నాన్నకు నేనే ఫోన్ చేశాను. నాన్న నిమ్మకాయల వ్యాపారి. కాయలు లారీకెత్తిస్తున్నట్టున్నాడు, వెనక అరుపులు వినిపిస్తున్నాయి. "నాన్నా, మామయ్య పోయినారు" అన్నాను. వెనక అరుస్తున్నవాళ్ళని ఆపమన్నాడు. తర్వాత, "అయితే గీత వాడే ముందు దాటినాడా" అని ఫోన్ పెట్టేశాడు.

బయటివాళ్ళకు ఇది కఠినమైన మాటగా వినిపిస్తుంది. అందుకే ఆ గీత సంగతి ముందే చెప్పేస్తాను.

మా నాన్న, మా మామగారు బిట్రగుంటలో ఒకే బడిలో, ఒకే తరగతిలో చదువుకున్నారు. ఇద్దరి నాన్నలూ రైల్వేలోనే పనిచేసేవాళ్ళు. పదో తరగతిలో ఉండగా ఆటల పోటీల్లో నిదానం సైకిలు పందెం పెట్టారు. అందులో అందరికంటే చివర గీత దాటినవాడు గెలిచినట్టు. కాలు కింద పెడితే మాత్రం ఓడినట్టే. మిగతావాళ్ళంతా కాళ్ళు ఆనించి తప్పుకున్నారు. వీళ్ళిద్దరూ మిగిలారు. ఇద్దరూ సైకిళ్ళ మీద కదలకుండా ఊగుతూ నిలబడ్డారట. ఎండ నెత్తికెక్కింది, డ్రిల్లు మాస్టారికి ఆకలేసింది. చివరికి ఇద్దరూ ఒకేసారి పడ్డారు. ముందు నీ కాలే తగిలిందంటే నీ కాలే తగిలిందని చొక్కాలు పట్టుకున్నారు. మాస్టారు బహుమతి ఇవ్వాల్సిన కంపాస్ బాక్సును తన జేబులోనే వేసుకుని భోజనానికి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి పరీక్షలయ్యేదాకా ఇద్దరికీ మాటల్లేవు. తర్వాత మా తాతగారు ఉద్యోగం మాని సొంతూరు వచ్చేశారు. నాన్న నిమ్మకాయల్లో పడ్డాడు, మామగారు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా రైల్వేలో చేరారు.

అందువల్ల, నేనూ మా ఆయనా పెళ్ళి చేసుకుంటామని ఇంట్లో చెప్పిన రోజు మా నాన్న కులం అడగలేదు, జీతం అడగలేదు. అబ్బాయి తండ్రి పేరు విని, "వాడి కొడుకా!" అని గోడకు తిరిగి కూర్చున్నాడు. మా అమ్మ పట్టుదల మనిషి కాబట్టి సంబంధం కుదిరింది. నిశ్చితార్థంలో ఇద్దరూ మీరంటే మీరని, గారూ అంటే గారూ అని ఎంత మర్యాదగా మాట్లాడుకున్నారంటే నాకు భయమేసింది.

వెంకటాచలం దగ్గర హైవే పక్కన కల్యాణమండపంలో పెళ్ళి. ఎదురుకోలు సంగతి మీకు తెలిసే ఉంటుంది. మగపెళ్ళివాళ్ళు గేటు దగ్గర, ఆడపెళ్ళివాళ్ళు మెట్ల దగ్గర నిలబడతారు. మేళం వాయిస్తుంటే ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ, బతిమాలించుకుంటూ, అడుగడుగూ ముందుకొచ్చి మధ్యలో కలుస్తారు. కలిశాక పానకం, పన్నీరు. మాలో ఆఖరి అడుగు ఆడపెళ్ళివారే వెయ్యాలి. వేస్తే వాళ్ళు తగ్గినట్టు. ఎవరూ పైకి అనరు గానీ అందరూ దానికోసమే చూస్తారు.

రెండు గుంపులూ బాగానే వచ్చాయి. ఇంక నాలుగడుగుల దూరం ఉందనగా, కావలి నుంచి వచ్చిన పాత క్లాస్‌మేట్ ఒకాయన, రెండు వైపులా పిలిస్తే వచ్చిన మనిషి, నోరు ఊరుకోక అరిచాడు: "ఒరేయ్, ఆ సైకిలు పందెం ఇంకా తేలలేదు గదరా! ఇప్పుడు తేల్చుకోండి!"

అంతే. ఇద్దరూ ఆగిపోయారు. నాన్న కండువా సర్దుకుని రెండు కాళ్ళూ దగ్గర పెట్టుకున్నాడు. మామగారు చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఇద్దరి ముఖాల్లోనూ పదో తరగతి పిల్లల మొండితనం.

"రావయ్యా రైలూ, నీకోసం సిగ్నల్ ఇచ్చినాం" అన్నాడు నాన్న.

"నిమ్మకాయలు మెత్తబడేదాకా చూస్తాలే, నాకేం తొందర లేదు" అన్నారు ఆయన.

మొదట అందరూ నవ్వారు. సన్నాయి ఆయన ఎత్తుకున్న రాగం దించకుండా బుగ్గలు పూరించి తిప్పలు పడ్డాడు. పానకం బిందె పట్టుకున్న మా పిన్ని ఆ చంక నుంచి ఈ చంకకు, ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంటోంది. పైన గదిలో సగం జడతో కిటికీ దగ్గర నిలబడి నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మగపెళ్ళివారిలో ఒక పెద్దాయన, "ఆడపిల్లనిచ్చే వాళ్ళకి ఇంత బిగువేందయ్యా" అన్నాడు. మా బాబాయి "ఏంది మీరనేది?" అని చొక్కా చేతులు మడిచాడు. అయ్యవారు ముహూర్తం ముహూర్తమని మొత్తుకుంటున్నారు. ఎవరో మగపెళ్ళివారి కారు స్టార్ట్ చేశారు. ఇన్నాళ్ళూ నేను కోరుకున్న పెళ్ళి నాలుగడుగుల జాగాలో ఆగిపోయిందని ఏడుపొచ్చింది.

అప్పుడు మామగారు కదిలారు. గబగబా రెండు పెద్ద అడుగులు వేసి మా నాన్న చెయ్యి పట్టుకున్నారు. మావాళ్ళు ఈలలు వేశారు. నాన్న రెండో చెయ్యి గాల్లోకి ఎత్తి, "గెలిచినా!" అని కేకపెట్టాడు. మగపెళ్ళివాళ్ళ ముఖాలు మాడిపోయాయి. మామగారి సొంత అన్నగారు, "పరువు తీసినావు కదరా" అని పానకం తాగలేదు.

ఇదంతా పెళ్ళి వీడియోలో ఉంది. మా ఇంట్లో దాన్ని వీడియో అనరు, కామెడీ సినిమా అంటారు. వేసవి సెలవుల్లో పిల్లలందరూ చేరితే అదే పెట్టుకుంటారు. మాటలన్నీ వాళ్ళకు నోటికి వచ్చు. నాన్న మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఒక గోతం నిమ్మకాయలు దించి, ఆ ఘట్టం పెట్టించి, టీవీ పక్కన నిలబడి, "చూడండి, ఎవరు ముందు కదిలినారో బాగా చూడండి" అనేవాడు. మామగారు పిల్లల మధ్య కూర్చుని తల ఊపుతూ, "మీ నాన్నకి చెప్పమ్మా, కాఫీ చల్లారిపోతా ఉందని" అనేవారు. పన్నెండేళ్ళలో ఇద్దరూ ఒకరినొకరు బావగారూ అని పిలుచుకోలేదు. ఒకాయన రైలు, ఒకాయన నిమ్మకాయ. మధ్యలో నేను.

ఆయన నిదానం పందెం కోసం నేర్చుకున్నది కాదు, పుట్టుకతో వచ్చింది. సముద్రం వైపు నుంచి గంపతో వచ్చే చేపలావిడ మా గుమ్మం దగ్గర ఆగితే ఆయన ఎదురుగా గొంతుకూర్చుని ఒక్కో చేప మొప్పా ఎత్తి చూసేవారు. ఆవిడ విసిగిపోయి, "ఇంకాసేపు చూసినావంటే సామీ, చేప లేచి ఇంటికి పోతాది" అనేది. "పోతే పోనీలేమ్మా, ప్రాణమున్న చేపని తెలుస్తుంది గదా" అనేవారు. టీ తాగడానికి అరగంట. చెప్పులు వేసుకోవడానికి ఐదు నిమిషాలు. నాకు ఒళ్ళు మండేది, దాచిపెట్టడమెందుకు. స్కూలు బస్సు హారన్ కొడుతుంటే ఆయన మా పాప బూటు లేసు విప్పి మళ్ళీ సరిగ్గా కట్టేవారు. మూడు నాలుగుసార్లు గట్టిగానే అన్నాను. ఆయన తలెత్తి, "పడితే దెబ్బ తగిలేది దానికి గదమ్మా, బస్సుకి కాదు" అనేవారు. మళ్ళీ ఆ లేసు మీదే వంగేవారు.

టీచరు ఉద్యోగం పరీక్ష రెండుసార్లు తప్పాను. రెండోసారి ఫలితాలు చూసి పుస్తకాలు కట్టకట్టి అటక మీద వెయ్యమని మా ఆయనకు ఇచ్చాను. మామగారు ఆ కట్ట చేతిలోంచి తీసుకుని, ముడి కోయకుండా గోళ్ళతో విప్పి, పుస్తకాలన్నీ బల్లమీద సర్దారు. "ఆలస్యంగా వచ్చే బండి కూడా బండేనమ్మా. దాన్ని కూడా ప్లాట్‌ఫారం మీదకే తీసుకుంటారు" అన్నారు. మూడో ఏడు ఉద్యోగం వచ్చింది. ఆ ఏడంతా పొద్దున పూట బియ్యంలో రాళ్ళు ఏరింది ఆయనే. చదువుకోమని నన్ను వంటింట్లోకి రానివ్వలేదు.

ఆ బియ్యం చేట ముందేసుకుని కూర్చున్న ఒక పొద్దున్నే ఆయన నాకు అసలు సంగతి చెప్పారు. అంతకు ముందు రోజు నాన్న వచ్చి చుట్టుపక్కలవాళ్ళ ముందు మళ్ళీ ఆ గెలుపు గొప్పలు చెప్పి వెళ్ళాడు. నాకు సిగ్గేసింది. "మామయ్యా, మా నాన్న తరఫున నేను క్షమాపణ అడుగుతున్నా" అన్నాను.

ఆయన నవ్వారు. "మా వాళ్ళందరూ నా వెనక నిలబడి, కదలబాక, వాళ్ళనే రానీ, ఆడపిల్ల తరపువాళ్ళు వాళ్ళే గదా అని నా నడుం మీద పొడస్తా ఉండారమ్మా. తలెత్తితే పైన కిటికీలో నువ్వు కనిపించినావు. బిడ్డని కన్నందుకు ఒక మనిషి వంగాలా? మీ నాన్న ఆ రోజు నలుగురిలో వంగి ఉంటే, రేపు నా ఇంట్లో నువ్వు తలెత్తుకుని తిరిగేదానివా?" అన్నారు. ఒక రాయి ఏరి పక్కన పెట్టి, "ఈ మాట ఆయనకి చెప్పబాక. గెలిచినానని సంతోషంగా ఉండాడు. దాన్ని తీసేసి మనం ఏం చేసుకుంటాం?" అన్నారు.

మెట్టినింట్లో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అది నా మంచితనం అనుకుంటూ వచ్చాను. ఆ పొద్దున తెలిసింది, దాని ఖరీదు ఆయన ముందే ఇచ్చేశారని. సొంత అన్నగారు చాలాకాలం మా గడప తొక్కలేదు. బంధువుల ఇళ్ళలో ఆయన వియ్యంకుడికి లొంగిపోయిన మనిషిగానే మిగిలారు. ఆయన చెప్పొద్దన్నారు కాబట్టి నేను చెప్పలేదు. కానీ ఆయన పోయాక ఆ మాట దాచుకోవడం కష్టమైంది. ఆ మనిషి ఓడిపోయినవాడిగా ఈ ఇంట్లోంచి వెళ్ళడం నాకు ఇష్టం లేదు.

పెద్దకర్మ రోజు నాన్న మాకు బట్టలు పెట్టడానికి వచ్చాడు. ఈసారి నిమ్మకాయల గోతం లేదు. భోజనాలయ్యాయి, వచ్చినవాళ్ళు వెళ్ళారు. మా పాపకు తాత మీద బెంగ. తాతను చూడాలని తనంతట తానే వీడియో పెట్టుకుంది. ఎదురుకోలు వచ్చింది. నాన్న లేచి టీవీ పక్కకు వెళ్తాడనుకున్నాను. వెళ్ళలేదు. కుర్చీలో ముందుకు వంగి చూస్తూ కూర్చున్నాడు.

నేను పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. చెప్పొద్దన్న మాట కూడా దాచలేదు. మాట తప్పినందుకు మామగారు నన్ను మన్నిస్తారనే అనుకుంటున్నాను. ఆయన ఓడిపోలేదని నలుగురికీ తెలియాలనే ఇదంతా రాస్తున్నాను.

నాన్న విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. "అంతేనా చెప్పింది?" అన్నాడు.

"అంతే."

"నా కాలు సంగతి చెప్పలేదా?"

నాకు అర్థం కాలేదు. "ఏ కాలు నాన్నా?"

"కారు స్టార్ట్ చేసినారు గదా, ఆ శబ్దం వినంగానే నేను కాలెత్తేసినానమ్మా. పిల్ల పెళ్ళి ఆగిపోతాదని భయం. నా మడమ లేచింది వాడొక్కడే చూసినాడు. అది కింద పడే లోపల వాడు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు." కండువాతో ముఖం గట్టిగా తుడుచుకున్నాడు. "వాడు చెప్పేస్తాడేమోనని నేనే ముందు గెలిచినానని అరిచినాను. వచ్చినప్పుడల్లా అరిచినాను. కడాన నీకు కూడా చెప్పలేదా, బావ?"

నేను టీవీ వైపు చూశాను. వీడియోలో కాళ్ళు కనిపించవు. ముందు వరసలో పళ్ళేలు పట్టుకున్న ఆడవాళ్ళు, పిన్ని చంకలో బిందె అడ్డం. ఇన్నేళ్ళు ఇన్నిసార్లు చూసినా మాకెవరికీ కనిపించనిది ఆ బిందె వెనకే జరిగింది.

మా పాప ఏమీ తెలియక ఎప్పుడూ నవ్వేచోట కిలకిలా నవ్వింది. నాన్న వీడియో అక్కడే ఆపమన్నాడు. టీవీలో మామగారు నవ్వుతూ నాన్న చెయ్యి పట్టుకుని పందిట్లోకి లాక్కుపోతున్నారు. నాన్న ఇంకో చెయ్యి గాల్లోకి ఎత్తి ఉన్నాడు.