జె. రఘురామ పెట్టె

సరోజాదేవి మొగుడు రఘురామ మిల్లులో జనరేటర్ మెకానిక్. మిల్లు మూతపడినాక, కొన్ని దేశాలు కూడి పెట్టుకున్న కూటమి పటాలం ఎడారిలో కాపలా ఉంటే, ఆ క్యాంపులో పని దొరికింది. క్యాంటీన్ ముందర ముప్పై జెండాలు ఎగురుతాయని మురిసిపోయేవాడు. గుండెపోటొచ్చి ఆడనే పోయినాడు. మనిషిని తెచ్చి అప్పగించినారు గాని, సామాన్ల పెట్టె ఎనిమిది నెలలైనా రాలేదు. అందులో అతని ఫోనుంది. సిగ్నల్ లేని రోజుల్లో ఆమె కోసం మాట్లాడి దాచిపెట్టిన మాటలన్నీ దాంట్లోనే ఉన్నాయి.

అడ్డం పడింది ఒక్క అక్షరం. తమిళనాట పేరు ముందర ఉండేది ఇంటిపేరు కాదు, తండ్రి పేరులో మొదటక్షరం; పెళ్లైన ఆడమనిషికైతే మొగునిది. 'జె. రఘురామ' అంటే జగన్నాథ కొడుకని రాజపాళయంలో పసిబిడ్డకూ తెలుసు. పాస్‌పోర్టులో ఆ 'జె'ని విప్పి, 'రఘురామ జగన్నాథ' అని వెనక తగిలించినారు. కూటమి ఆఫీసుకు అదే ఇంటిపేరైపోయింది. వచ్చిన ప్రతి కాగితమూ "కీర్తిశేషులు జగన్నాథ గారి భార్యకు" అనే. జగన్నాథ అంటే ఆమె మామ. ఎనభై రెండేళ్ల మనిషి, ముందరి గదిలో పేపరు చదువుకుంటా నిక్షేపంగా ఉన్నాడు.

"నన్ను చంపి, నిన్ను నాకు కట్టినారేమ్మా! ముప్పై దేశాల్లో ఒక్కనికీ బుద్ధి లేకపోయెనే!" అని నవ్వబోయి, పేపరు మడిచి పక్కన పెట్టినాడు.

ఆమె ఇంటిపేరూ జగన్నాథేనని సర్టిఫికెట్టు తెస్తేనే పెట్టె పంపుతామన్నారు కూటమి ఆఫీసోళ్లు. దానికోసం తాలూకా ఆఫీసుకు ఐదు తూర్లు తిరిగింది. "ఇంటిపేరు సర్టిఫికెట్టా? మా దగ్గర ఇనిషియలే ఉందక్కా" అని గుమాస్తా అన్బళగన్ చేతులెత్తేసినాడు.

చివరికి కూటమివాళ్లు వీడియోలో చూసి ఖాయం చేసుకుంటామని చెప్పినారు. తమిళం వచ్చిన ఒకామె తెరమీదికొచ్చింది.

"పూర్తి పేరు చెప్పండి మేడమ్."

"ఆర్. సరోజాదేవి."

"ఆర్ కాదు, ఇంటిపేరు. ఫైల్లో ఉన్నట్టు మీ నోటితోనే చెప్పాల."

సరోజాదేవి ముందరి గది వైపు చూసింది. కాపురానికొచ్చి ఇరవయ్యారేళ్లు. మామ పేరు ఒక్కనాడూ పలకలేదు. రేషన్ అంగడిలో అడిగినా పక్కనున్నోళ్ల చేత చెప్పించేది.

"చెప్పమ్మా" అన్నాడు ముందరి గదిలోనించి మామ. "పేరే కదా, అరిగిపోతుందా? నేను చెవులు మూసుకుంటాలే."

"సరోజాదేవి... జగన్నాథ."

"వినపడలేదు మేడమ్."

మళ్లీ చెప్పింది.

"ఇంకొక్కతూరి, గట్టిగా."

ఒళ్లు మండిపోయింది ఆమెకు. "జగన్నాథ! జగన్నాథ! ఆయన బతికే ఉన్నాడు! పోయింది రఘురామ, నా మొగుడు!" వీధంతా వినింది. మొగుని పేరు నోట పలకడమూ అదే మొదలు.

తెరమీది ఆమె తలెత్తకుండా ఏదో కొట్టుకుంది. "సరిపోయింది, మిసెస్ జగన్నాథ. పెట్టె సోమవారం బయలుదేరుతుంది."

ఆ మధ్యాహ్నం మామ ఎదురుకు పోలేక సరోజాదేవి వంటింట్లోనే నిలబడిపోయింది. ఆయనే లోపలికొచ్చి, కంచం తీసుకుని అన్నం పెట్టుకున్నాడు.

"పులుసు యాడుందమ్మా?" అని మాత్రం అడిగినాడు.