రెండో క్యాసెట్

చిన్నాన్న కూతురి పెళ్ళి గుడియాత్తంలో జరిగింది. మా నాయన మేస్త్రీ. మా ఇళ్ళల్లో పెళ్ళివంటకు గాడిపొయ్యి ఇంటి మేస్త్రీయే కట్టాలి, పరాయివాళ్ళ చేత కట్టించరు. అందుకని ఆ రెండు రోజులూ ఆయన పందిరి వెనకే మట్టి చేతులతో ఉండిపోయాడు. వీడియో లైటు తన వైపు తిరిగితే సిగ్గుపడి పక్కకు తప్పుకునేవాడు.

ఆరు నెలలకు కామెర్లతో పోయాడు. ఇంట్లో మిగిలింది ఒక్క ఫోటో, అదీ కుర్చీలో బిగుసుకుని కూర్చున్నది. అమ్మకేమో ఆయన నడక ఒక్కసారి చూడాలని ఉండేది.

అప్పుడే మా వీధులకు కేబుల్ వచ్చింది, చిన్నాన్న ఇంటికి వీసీఆర్ వచ్చింది. పెళ్ళివి రెండు క్యాసెట్లు. రెండోదాంట్లో అన్నీ భోజనాలూ, వచ్చిపోయేవాళ్ళూనూ. నాయన అందులో లేకపోతే దాని మీద సినిమా ఎక్కించుకుంటామని పిన్ని కబురు పెట్టింది. ఏడాది నిండేదాకా అమ్మ గడప దాటకూడదు కాబట్టి నన్ను పంపింది.

"గబగబా తిప్పేయొద్దమ్మా. యాడన్నా ఒక మూల ఉండాడేమో, బాగ చూడు" అంది.

మూడు గంటల క్యాసెట్ అది. నేను ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కాను. కేబుల్లో పాటలొచ్చే వేళయిందని నా తొందర, దాచడం దేనికి. మొదట కళ్ళార్పకుండానే చూశాను. ఆకులు, బకెట్లు, చేతులు, ముఖాలు పరుగెత్తిపోతున్నాయి. కాసేపటికి కళ్ళు తెర మీదే ఉన్నాయి గానీ నా ధ్యాస అక్కడ లేదు. అంతలో కొత్త దావణిలో నేనే కనబడ్డాను. ఎంత బాగున్నానో అనుకుని మురిసిపోయాను. ఆ మురిపెంలో తెర మీద ఏం దాటిపోయిందో నాకు తెలియదు. వెనక్కి తిప్పి చూడను కూడా లేదు. నాయన లేడని పిన్నికి చెప్పేశాను.

మరుసటి ఏడు వేలూరులో, బాగాయంలో కాపురమున్న ఆ పెళ్ళికూతురు అక్క ఇంటికి వెళ్ళాను. ఆ క్యాసెట్లు మొదట చూసింది వాళ్ళే. మాటల్లో తనే ఎత్తింది.

"నువ్వు దావణి సర్దుకుంటా పోతావే, నీ ఎనకాలే పెదనాయన వచ్చినాడు. చెంబెత్తి నీళ్ళు తాగి, నిన్నే చూసి నవ్వుకుంటా పోయినాడు."

అప్పటికి దాని మీద ఎన్ని సినిమాలు ఎక్కాయో.

ఈ మాట అమ్మకు చెప్పలేదు. చెప్పే ధైర్యం నాకు లేదు. ఎప్పుడైనా ఉన్నట్టుండి అడుగుతుంది, ఆ పొద్దు బాగానే చూస్తివా అని.

"బాగానే చూసినానమ్మా" అంటాను.